భూమికి నాలుగంగుళాలు

క్వారీ సేటు బండి
ములుగు రోడ్డు మీది మా షెడ్డుకు
లారీ ఎక్కి వచ్చింది.
గంటకు మూడు వందల పదిహేను పోయే బండి
నాలుగు దిక్కులా తాళ్లు కట్టించుకొని
ముక్కు కిందికేసి, ఎవలతోనో అలిగినట్టు.

పంతొమ్మిదేండ్లు.
మా యాకయ్య కంటె రెండు నెలలు పెద్దది.
మోదుగుపువ్వు రంగు,
ఎండ తగిలిన దిక్కు మాత్రం
నేల మీద రాలి రెండు రోజులైన మోదుగుపువ్వు.
హెడ్‌లైట్లకు శుక్లాలు.
లోపలి బటన్లు కరిగి
వేలు పెడితే బెల్లమోలె అంటుకుంటయి.
ఇటలీల దీన్ని జేసినోళ్లు
రామగుండం మే నెలను
లెక్కల వేసుకోలే.

యాకయ్య ముంగటి డోపు లేపి చూసిండు.
"అన్నా, ఇంజినేది?"
ఆడ బట్టల సంచి పట్టే గుంత, గంతే.
ఇంజిను వెనుకకు, అద్దం కింద,
పది సిలిండర్లు
అయిదుకు అయిదు ఎదురెదురుగ
బంతిల కూసున్నట్టు.

చాయ్ హోటలోళ్లు వచ్చి "ఎంతిస్తది?" అన్నరు.
లీటరుకు నాలుగంటే నవ్విండ్రు.
నిలబడ్డ కాడికెళ్లి నూరుకు
నాలుగు సెకండ్లంటే
గ్లాసులు కింద పెట్టిండ్రు.

క్లచ్ ప్లేటు తీసి చూస్తే
కాయితమంత మిగిలింది.
అది స్పీడుకు అరగలే.
కాజీపేట బ్రిడ్జి మీద
ఆటోల నడుమ
ఆగి, కదిలి, ఆగి, అరిగింది.

సేటు ఫోన్ల అన్నడు:
"స్టార్టయితే చాలు, అమ్మేస్త."
దుబాయ్‌కెళ్లి ప్లేటు వచ్చేసరికి
వానలు పోయి కోతలు వచ్చినయి.
గేరు పంపు సీలు ఏడ దొరకలే.
మండిబజార్ల ట్రాక్టరు సామాన్ల దుకాణం కాడ
ఒకటి కొలిచి చూస్తే
పుట్టినప్పటి సంది దీనిదే అన్నట్టు కూసున్నది.
సేటుకు చెప్పలే.

స్టార్టయింది.
రేకులు వణికినయి.
పక్క షెడ్డు కుక్క లేసి
ఎటు మొరగాల్నో తెలువక ఆకాశం దిక్కు మొరిగింది.
నా పని ఆడికి అయిపోయినట్టే.
కాని చెయ్యి ఊకోలే.

తెల్లారగట్ల నాలుగున్నరకు
హసన్‌పర్తి దాటినం, నేను, యాకయ్య.
సగం రోడ్డు వడ్లు.
మిగిలిన సగంల స్పీడు బ్రేకర్లు.
ఒక్కొక్క దాని కాడ
ముక్కు లేపే బటను ఒత్తుడు,
మూడు వేళ్ల ఎత్తు లేసేదాక ఆగుడు,
నిండు చూలాలును దాటించినట్టు
అడ్డంగ, మెల్లగ దాటించుడు.

వడ్లకు కావలి పండుకున్న ముసలామె
బ్యాటరీ లైటు కొట్టింది.
పేరు ఓదెమ్మట.
"గాలి పోయిందా బిడ్డా, టైర్లల్ల?"
"లేదవ్వా, దీని ఎత్తే గింత."
"గట్లెందుకు జేసిండ్రు?"
"ఉరికేటప్పుడు కిందికెళ్లి గాలి దూరితే
లేపి పడేస్తదని."
ఆమె చెద్దరు సదురుకున్నది.
"మాకు తూర్పారబడ్తామంటె
నాలుగొద్దుల సంది గాలే లేదు.
నువ్వన్న జెర్ర ఉరికియ్యి."

ఎల్కతుర్తి దిక్కు సక్కటి రోడ్డు దొరికింది.
రెండో గేరు. మూడు.
ముల్లు ఎనిమిది వేల కాడ నిలబడ్డప్పుడు
ఆ సప్పుడు వెనుకకెళ్లి రాలే,
నా పక్కబొక్కలల్లకెళ్లి వచ్చింది.
పంతొమ్మిదేండ్ల ముడుతలన్ని
ఇనుము ఒక్కపారి విదిలించుకున్నది.
యాకయ్య నోరు తెరిచిండు, మాట రాలే.
తొమ్మిది సెకండ్లు.
రెండు వందల పద్నాలుగు.
ముంగట గొర్లు.

ఆ బ్రేకులు సల్లగుంటే మాట వినయి,
కాలినంకనే పడ్తయి.
పట్టినయి.
ఆఖరి గొర్రె మమ్ముల చూసి
తీరుబాటుగ రోడ్డు దాటింది.

మళ్లొచ్చేటప్పుడు పన్నెండు మీద వచ్చినం.
వడ్ల బస్తాల ట్రాక్టరొకటి
పాట పెట్టుకొని
మమ్ముల దాటిపోయింది.

షెడ్డుల కడుగుతాంటె
రేడియేటరు జాలిల పిడికెడు వడ్లు.
యాకయ్య ఒక్కొక్క గింజ ఏరి
అంగి జేబుల పోసుకున్నడు.
నేను బిల్లు రాసిన.
క్లచ్ ప్లేటు, పది లీటర్ల ఆయిలు, సీలు ఒకటి, మజూరి.
తొమ్మిది సెకండ్లు రాయలే.